ముడతలు చెరిపేస్తే అమ్మేదీ?

మా అమ్మ ఒక్కతే దిగిన ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. అన్నీ పెళ్లిళ్లలో పదిమంది మధ్య నిలబడ్డవే. అందుకే పెన్సిల్‌తో ఆమె బొమ్మ నేనే గీద్దామని కూర్చున్నాను. రెండురోజులు కష్టపడి గీసి చూపిస్తే, కళ్లజోడు సవరించుకుని "బాగానే ఉందే... ఎవరీవిడ?" అంది.

నా తప్పు అప్పుడు తెలిసింది. అభిమానంకొద్దీ ముడతలన్నీ వదిలేశాను. మొహం నున్నగా వచ్చింది కానీ అందులో అమ్మ లేదు.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో తన తల్లి బొమ్మ బొగ్గుతో గీశాడు. 18 మంది పిల్లల్ని కన్న ఆవిడకి అప్పటికి 63 ఏళ్లు. లోతుకుపోయిన బుగ్గలు, నుదుటి గీతలు, ఎముకలు తేలిన మెడ... ఏదీ దాచలేదు. ఆ ఏడాదే ఆవిడ కన్నుమూసింది. ఆ బొమ్మ గుర్తొచ్చి మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. వెలుగు ఒకవైపు నుంచే పడితే నీడలు స్పష్టంగా తెలుస్తాయి. ముందు హెచ్‌బీ పెన్సిల్‌తో తేలిగ్గా కొలతలు గీసుకున్నాను. చాలామంది కళ్లు మరీ పైన పెట్టేస్తారు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. పెన్సిల్ ములుకులో గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తగా, నల్లగా పడుతుంది. బంకమట్టి ఎక్కువైతే గట్టిగా, లేతగా పడుతుంది. అందుకే నీడలకి 2బీ, కనుపాపలకి 6బీ వాడాను.

అసలు కిటుకు ముడతల దగ్గరే. ముడతంటే గీత కాదు, చిన్న పల్లం. ఒక అంచున నీడ, పక్కనే వెలుగు. గీత గీసేస్తే గాటు పెట్టినట్టుంటుంది. లేతగా నీడ వేసి, పక్కన కాగితాన్ని తెల్లగా వదిలేయాలి. తెల్లవెంట్రుకలూ అంతే, చుట్టూ నలుపు వేస్తే అవే తేలతాయి. కంటి మెరుపుకి ఆవగింజంత తెలుపు చాలు. వేలితో మాత్రం రుద్దకండి, జిడ్డుకి మరకలవుతాయి.

పెదవుల పక్క గీతలు వేస్తుంటే చెయ్యి ఆగింది. అవి నాన్న పోయిన ఏడాది వచ్చినవి. రోజూ చూస్తున్న మొహమే, ఇన్నేళ్లూ గమనించనేలేదు.

పూర్తయ్యాక అమ్మ చాలాసేపు చూసింది. "అచ్చం మా అమ్మలా అయిపోయానే!" అంది. గోడకి తగిలిస్తానంటే ఒప్పుకోలేదు.

"బతికున్నదాని పటం గోడకెందుకే" అంటూ తీసుకెళ్లి తన పెట్టెలో, పట్టుచీరల మధ్య దాచుకుంది.