పొగ లేని నిప్పుకూ దారి కావాలి

నరక చతుర్దశి తలంట్లు అనగానే కన్నడ దేశంలో తరతరాలుగా స్థిరపడిన మనకు ‘నీరు తుంబువ హబ్బ’ కూడా జ్ఞాపకం వస్తుంది. ముందురోజు సాయంకాలం నీళ్ళ హండా తోమి, పసుపు కుంకుమలు పెట్టి, కొత్తనీరు నింపేవారు. ఆ హండా కింద కట్టెలు మండేవి. తడికట్టె పడితే ఇల్లంతా పొగే. అందుచేతనే పెద్దలు స్నానాల గదికి పొగగొట్టం పెట్టించారు. పొయ్యినోరు పెరట్లోకి పెట్టుకున్న ఇళ్ళూ వుండేవి. వారికి పొగే పాఠం చెప్పింది.

నేడు ఎన్నో ఇళ్ళలో హండా స్థానంలో గ్యాస్ గీజరు వచ్చింది. ఆఫీసు వేళకు పరుగెత్తే మా బోటి గుమాస్తాలకు అది వరమే. పొగ లేదు, మసి లేదు. కాని పొగ కనబడనంత మాత్రాన నిప్పు గాలిని తినడం మానలేదు. చిక్కంతా ఇక్కడే వున్నది.

చిన్న లెక్క చూడండి. కిలో ఎల్.పి.జి. పూర్తిగా మండడానికి సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల నీళ్ళిచ్చే గీజరు పావుగంటలో దాదాపు 200 గ్రాముల గ్యాస్ తింటుంది. అంటే రెండున్నర ఘనమీటర్ల గాలి. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గల గదిలో వుండే గాలే అయిదున్నర ఘనమీటర్లకు లోపు. తలుపూ కిటికీ బిగిస్తే ప్రాణవాయువు తగ్గి, గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గ్యాస్ కారితే వాసన వస్తుంది. మనను హెచ్చరించడానికే ఆ వాసన కలుపుతారు. ఈ విషానికి మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. తల నొప్పి, తల తిరుగుడు, వికారం, ఆపైన గడియ తీసే సత్తువ కూడా వుండదు. ఒకరి తరువాత ఒకరు స్నానం చేసే పండుగనాడు చివర వెళ్ళేవారికి ప్రమాదం హెచ్చు. ఆ చివరివారు చాలా ఇళ్ళలో ఇల్లాలే.

కనుక గీజరును స్నానాల గది బయట, గాలి ఆడేచోట బిగించి, వేడినీళ్ళు మాత్రం గొట్టం ద్వారా లోపలికి తెచ్చుకోవడం ఉత్తమం. అది వీలుకాని చోట గదికి పైన ఒకటి, కింద ఒకటి మూతపడని గాలిదారులు వుండాలి. వేడిగాలి పైకి పోతుంది, కారిన ఎల్.పి.జి. బరువైనది గనుక నేలను పట్టి నిలుస్తుంది. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఫ్యాను ఒక్కటే పెడితే చాలదు.

మొదటిసారి వెలిగించేటప్పుడు తలుపులు, కిటికీలు తెరవండి. నీటి ధార బాగున్నదో లేదో చూసి కుళాయి కట్టండి. సిలిండరు తెరిచి, అతుకుల మీద సబ్బునురుగు రాయండి. బుడగలు లేస్తే గ్యాస్ కారుతున్నట్టే. అగ్గిపుల్లతో పరీక్షించడం ఎన్నడూ వద్దు. తరువాత కుళాయి తిప్పండి. కొత్త గొట్టంలో గాలి వుంటుంది గనుక టకటక చప్పుడే తప్ప మంట వెంటనే రాకపోవచ్చు. కుళాయి కట్టి, కాసేపాగి మళ్ళీ తిప్పండి. మంట నీలంగా వుండాలి. పసుపుపచ్చగా వస్తే ఆపి, మెకానిక్‌ను పిలవండి. వాసన వస్తే సిలిండరు కట్టి, విద్యుత్ స్విచ్చి ముట్టకుండా బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

గీజరు లోపలే వున్నవారు తలుపు తెరిచి బకెట్లు నింపుకొని, గీజరు ఆపిన తరువాతనే స్నానానికి వెళ్ళాలి. పిల్లలను లోపల గడియ వేసుకోనివ్వకండి. ఎవరైనా పిలిస్తే పలకకపోతే తలుపు తీసి, ముందు గాలిలోకి తెచ్చి, గ్యాస్ కట్టి, 108కి కబురు చేయండి.

గోడకు రెండు కన్నాలు పెట్టించడం పూట పని. ఈసారి హండాకు బొట్టు పెట్టే వేళకు ఆ పని కూడా ముగించుకోవలసిందిగా మా మనవి.