మీకు తెలుసా? లోడ్ లేని ట్రాన్స్‌ఫార్మర్ కూడా భారీగా కరెంటు లాగుతుంది!

సబ్‌స్టేషన్‌లో పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛార్జ్ చేసేటప్పుడు, అంటే సరఫరాకు కలిపేటప్పుడు, సాధారణంగా అవతలి వైపు బ్రేకర్ తెరిచే ఉంటుంది. అంటే లోడ్ సున్నా. ఆ స్థితిలో నిలకడగా తీసుకునే కరెంటు, రేటెడ్ కరెంటులో 1 శాతం కూడా ఉండదు. కానీ సరఫరా వైపు బ్రేకర్ మూసుకున్న క్షణంలో మాత్రం ఒక్కోసారి రేటెడ్ కరెంటుకు 5 నుంచి 10 రెట్లు లాగేస్తుంది!

కారణం ఇనుప కోర్. వోల్టేజి తరంగం సరిగ్గా సున్నా దగ్గర ఉన్నప్పుడు ఆ బ్రేకర్ మూసుకుంటే, కోర్‌లోని అయస్కాంత ఫ్లక్స్ మామూలు గరిష్ఠానికి దాదాపు రెట్టింపు దాకా ఎగబాకుతుంది. కిందటిసారి ఆపినప్పుడు మిగిలిపోయిన అయస్కాంతత్వం అదే దిశలో ఉంటే ఇంకా పెరుగుతుంది. కోర్ సంతృప్తమైపోయి, ఇక కరెంటును నిలువరించలేదు.

ఒకవైపే కరెంటు కనిపిస్తే, రెండు వైపుల కరెంటునూ పోల్చి చూసే డిఫరెన్షియల్ రిలేకి అది లోపలి ఫాల్ట్ లాగే ఉంటుంది. అందుకే రిలే 100 హెర్ట్జ్ పాలు ఎంతుందో చూస్తుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో ఈ రెండో హార్మోనిక్ ఎక్కువగా ఉంటే అది ఛార్జింగ్ కరెంటేనని గుర్తించి ట్రిప్ చేయకుండా ఆగుతుంది.

అసలు ఆశ్చర్యం పక్క ట్రాన్స్‌ఫార్మర్‌ది. అదే బస్‌బార్ మీద అది అప్పటికే హాయిగా నడుస్తుంటుంది. కొత్తదాని కరెంటులోని డీసీ భాగం లైను నిరోధం గుండా పారి వోల్టేజిని ఒకపక్కకు ఒరిగిస్తుంది. దాంతో పాతదాని కోర్ కూడా మెల్లగా, వ్యతిరేక దిశలో సంతృప్తమవుతుంది. అప్పుడు రెండింటి కరెంటూ తొందరగా తగ్గదు. ఎవరూ ముట్టుకోని ఆ పాత ట్రాన్స్‌ఫార్మరే ట్రిప్ అయిన సందర్భాలూ ఉన్నాయి.