వరల్డ్ కప్‌లో పావుగంట.. తెలుగు మూలాలున్న వికాష్ ధొరసూ అసలు ఎలాంటి ఆటగాడు?

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ సీజన్ వస్తే చాలు, 'వరల్డ్ కప్ ఆడిన మన తెలుగోడు' అంటూ వాట్సాప్‌లో ఫ్రాన్స్ నీలం జెర్సీ వేసుకున్న ఒక పొట్టి ఆటగాడి ఫొటో తిరగడం మామూలే. అతని పేరు వికాష్ ధొరసూ. ఫొటో కింద కామెంట్లు మాత్రం రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి 'మనోడు, గర్వంగా ఉంది'. రెండోది 'ఆడింది పావుగంటేగా, దానికి ఇంత బిల్డప్పా?'

రెండో కామెంట్‌లో లెక్క తప్పేం లేదు. 2006లో జర్మనీలో జరిగిన వరల్డ్ కప్‌లో ధొరసూ రెండు మ్యాచ్‌లలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. రెండూ కలిపితే పావుగంట, అటూ ఇటూగా. కానీ ఒక మిడ్‌ఫీల్డర్‌ను ఆ పావుగంటతో తూకం వేయొచ్చా? అతని కెరీర్ మొత్తం చూస్తే జవాబు ఇంకోలా ఉంటుంది.

ఇంతకీ ఎవరీ ధొరసూ?

1973 అక్టోబర్ 10న ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు పట్టణం పక్కనే ఉన్న హార్ఫ్లర్‌లో పుట్టాడు. కుటుంబం మారిషస్ నుంచి వచ్చింది. అంతకుముందు తరాలు మన తెలుగు నేల నుంచి మారిషస్ వెళ్లినవాళ్లు. ఇంటిపేరులో 'దొర' వినిపిస్తోంది కదా అని నల్లగొండ జనం వేరే అర్థం తీసుకోవద్దు. ఇది గడీల కథ కాదు, వలసపోయినోళ్ల కథ.

1834 తర్వాత చెరకు తోటల్లో పని కోసం బ్రిటిష్ వాళ్లు భారత్ నుంచి సుమారు నాలుగున్నర లక్షల మందిని ఒప్పంద కూలీలుగా మారిషస్‌కు ఓడల్లో తీసుకెళ్లారు. అందులో తెలుగువాళ్లు ఎక్కువగా కోస్తా వైపు వాళ్లే, కోరంగి లాంటి రేవుల నుంచి ఎక్కినవాళ్లు. నిజాం పాలనలో ఉన్న మన పాలమూరు కథ వేరు. ఇక్కడి వలస తర్వాత రోజుల్లో బొంబాయి బస్సుల్లో, ప్రాజెక్టు పనుల మేస్త్రీల వెంట సాగింది. అయినా సంచి సర్దుకుని బతుకుదెరువుకు పోవడం అంటే ఏంటో మహబూబ్‌నగర్‌లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మారిషస్‌లో ఇవాళ్టికీ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా 2006లోనే.

మిడ్‌ఫీల్డర్‌ను ఎలా చూడాలి?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడు హెడ్‌లైన్ అవుతాడు. మన ఊళ్లలో కబడ్డీ చూసినవాళ్లకు ఇది తెలిసిందే. రైడర్‌కు ఈలలు పడతాయి, కార్నర్‌లో కాలు పట్టి ఆపినోడి పేరు తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు. మిడ్‌ఫీల్డర్ పని కొంచెం అలాంటిదే. వెనక నుంచి బంతి అందుకోవాలి, మీదకు వచ్చేవాళ్ల మధ్య దాన్ని పోగొట్టుకోకూడదు, ముందున్నవాడికి సరైన టైంకి ఇవ్వాలి. వేగం పెంచాలా తగ్గించాలా అనేది కూడా అతని చేతుల్లోనే. సారీ, కాళ్లల్లోనే.

ధొరసూ బలం అదే. ఐదున్నర అడుగుల మనిషి, భుజబలంతో నెట్టుకుపోయే రకం కాదు. బంతిని దగ్గరగా పెట్టుకుని తిరగడం, చిన్న పాస్‌లతో ఆట నడపడం అతని శైలి. గోల్స్ తక్కువ. ఫ్రాన్స్ తరఫున 18 మ్యాచ్‌లు ఆడితే ఒక్కటే గోల్. 2005 అక్టోబర్ 12న సైప్రస్‌పై 4-0తో గెలిచిన వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో వచ్చింది అది. స్కోర్ కార్డు మాత్రమే చూసేవాళ్లకు అతను కనిపించడు.

అసలు ఆట కనిపించింది లియోన్‌లో

సొంత ఊరి క్లబ్ లె హావ్ర్‌లో 1993లో సీనియర్ కెరీర్ మొదలైంది. 1998లో లియోన్‌కు మారాడు. 1999లో తొలిసారి ఫ్రాన్స్ జట్టుకు ఆడాడు. అంతా సవ్యంగా సాగుతోంది అనుకునే లోపు కోచ్ జాక్ సాంతిని హయాంలో చోటు పోయింది. 2001-02 సీజన్‌కు అతన్ని బోర్డో క్లబ్‌కు లోన్‌పై పంపించారు. దురదృష్టం చూడండి, లియోన్ తన చరిత్రలో మొదటి లీగ్ టైటిల్ గెలిచింది సరిగ్గా ఆ ఏడాదే! ధొరసూ మాత్రం బోర్డోతో ఫ్రెంచ్ లీగ్ కప్ గెలిచి ఊరట పొందాడు.

తర్వాత కోచ్ మారాడు. పాల్ లె గెన్ వచ్చాక ధొరసూ తిరిగి లియోన్ జట్టులోకి వచ్చాడు. 2003, 2004లో వరుసగా రెండు లీగ్ టైటిళ్లు అందుకున్నాడు. ఫ్రీకిక్‌ల వీరుడు జునిన్యో ఉన్న జట్టు అది. 2008 దాకా వరుసగా ఏడు టైటిళ్లు గెలిచిన టీమ్. అలాంటి మిడ్‌ఫీల్డ్‌లో చోటు నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు. ధొరసూకు మార్కులు వేయాలంటే ఈ రెండు సీజన్లు చూసి వేయాలి. విచిత్రం ఏంటంటే, సరిగ్గా ఆ రెండేళ్లూ ఫ్రాన్స్ జాతీయ జట్టు కోచ్ అదే సాంతిని. ధొరసూకు పిలుపు మళ్లీ వచ్చింది 2004లో రేమండ్ డొమెనెక్ కోచ్ అయ్యాకే.

మిలాన్.. పెద్ద పేరు, చిన్న ఛాన్స్

2004లో ఇటలీ దిగ్గజం ఏసీ మిలాన్ పిలిచింది. పిర్లో, సీడోర్ఫ్, గట్టూసో, కాకా ఉన్న చోట ఇంకో మిడ్‌ఫీల్డర్‌కు ఆట ఎంత దొరుకుతుంది? దొరకలేదు. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గుర్తుందా? 3-0తో ముందున్న మిలాన్ చివరికి లివర్‌పూల్ చేతిలో పెనాల్టీల్లో ఓడిన మ్యాచ్. ఆ రాత్రి మిలాన్ బెంచ్ మీద ధొరసూ ఉన్నాడు, మైదానంలోకి దిగలేదు. 31 ఏళ్ల వయసులో ఆట దొరకని చోటికి వెళ్లడం కెరీర్ పరంగా తప్పటడుగే అనాలి.

ఏడాదికే పారిస్ సెయింట్ జర్మెయిన్‌కు వచ్చాడు. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్, ఎదురుగా బద్ధ శత్రువు మార్సెయ్. పారిస్ 2-1తో గెలిచింది. రెండో గోల్ ధొరసూదే, దూరం నుంచి కొట్టిన షాట్. గోల్స్ కొట్టడు అనే పేరున్న మనిషి పెద్ద ఫైనల్‌లో గెలుపు గోల్ కొట్టాడు. నెలన్నర తర్వాత వరల్డ్ కప్.

జర్మనీలో ఏం జరిగింది?

దీనికి జవాబు ఒక్క పేరులో ఉంది.. జిదాన్. 2004లో జిదాన్ జాతీయ జట్టుకు గుడ్‌బై చెప్పాక ఏర్పడిన ఖాళీలోనే ధొరసూ లాంటివాళ్లకు చోటు దొరికింది. 2005 ఆగస్టులో జిదాన్ తిరిగొచ్చాడు, మకలేలే కూడా వచ్చాడు. వియెరా ఎలాగూ ఉన్నాడు. ఇక మధ్యలో ఎవరికి సందు ఉంటుంది?

జూన్ 13న స్విట్జర్లాండ్‌తో 0-0, జూన్ 18న దక్షిణ కొరియాతో 1-1. ఈ రెండు మ్యాచ్‌ల చివర్లో ధొరసూను దించారు. ఆ తర్వాత ఫ్రాన్స్ ఊపందుకుని ఫైనల్ దాకా వెళ్లింది, జులై 9న బెర్లిన్‌లో ఇటలీ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. జిదాన్ తలతో ఢీకొట్టిన మ్యాచ్ అదే. ధొరసూకు మళ్లీ ఆడే అవకాశం రాలేదు.

ఖాళీగా మాత్రం కూర్చోలేదు. ఫ్రెడ్ పూలే అనే దర్శకుడు ఇచ్చిన సూపర్ 8 కెమెరాతో హోటల్ గదిని, కిటికీని, తన ఎదురుచూపును షూట్ చేసుకున్నాడు. అదే తర్వాత 'సబ్‌స్టిట్యూట్' పేరుతో సినిమాగా వచ్చింది. జట్టు లోపలి సంగతులు బయటపెట్టాడని కోపగించినవాళ్లూ ఉన్నారు. కలిసి ఆడుతున్నప్పుడు కెమెరా పట్టుకోవడం తోటివాళ్లకు నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నోరు కట్టేసుకునే రకం కాకపోవడం అతనికి నష్టమే చేసింది. పారిస్‌లో కోచ్ గీ లకోంబ్‌తో గొడవ ముదిరి 2006 అక్టోబర్‌లో క్లబ్ అతన్ని తొలగించింది. 2007లో ఇటలీలోని లివోర్నోలో చేరినా ఒక్క లీగ్ మ్యాచ్ ఆడకుండానే బయటికొచ్చాడు. 2008 ప్రారంభంలో రిటైర్మెంట్.

ఆ తర్వాత పోకర్ టేబుళ్ల దగ్గర కనిపించాడు. ఆటలో ఆనందం ఉండాలంటూ 2011లో 'తతాన్' అనే సంఘం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. 2020 పారిస్ మున్సిపల్ ఎన్నికల్లో వామపక్షం తరఫున బరిలోకి దిగాడు. అక్కడ కూడా గెలవలేదు.