ఎందరు పిల్లలకు ఒక సారు?



ఈఏపీసెట్ ర్యాంకులు రాగానే మన గోస్పాడు చుట్టుపక్కల ఇళ్లలో రెండు ప్రశ్నలు వినబడతాయి. నంద్యాలకు బస్సు ఎన్ని గంటలకు? ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుందా? రెండూ అడగవలసినవే. ఎందరు విద్యార్థులకు ఒక అధ్యాపకుడున్నాడని అడిగేవారు మాత్రం మాకు అరుదుగా కనబడుతున్నారు.

ఇంజనీరింగు కాలేజీల్లో పదిహేను మందికి ఒక అధ్యాపకుడుండాలని ఒకప్పుడు ఏఐసీటీఈ నియమం. 2018-19లో దానిని ఇరవై మందికి ఒకరుగా సడలించారు. ఏటా 60 సీట్లున్న బ్రాంచిలో నాలుగేళ్లకు కలిపి 240 మంది. మునుపు 16 మంది బోధకులుండవలసిన చోట ఇప్పుడు 12 మంది చాలు. తరగతిలో ఇరవై మందే కూర్చుంటారని దీని అర్థం కాదు. పాఠం వినేది అరవై మందే. తేడా తెలిసేది ల్యాబులో, ప్రాజెక్టులో, వెనకబడిన పిల్లవాణ్ణి పిలిచి మాట్లాడే తీరిక సారుకు ఉందా అన్నచోట.

చదువుకున్నవారి ఇంట ఆ లోటు అన్నో, ట్యూషనో తీరుస్తుంది. తెలుగు మీడియంలో చదివి, ఇంటిలో మొట్టమొదటగా కాలేజీ గడప తొక్కే మన పిల్లలకు సారే దిక్కు. మొదటి ఏడు లెక్కల్లో తప్పి, ఆ మాట నాన్నతో చెప్పలేక లోలోపల కుమిలేది వీరే. అందుకే భవనాల అంతస్తులకంటె ఈ లెక్కకే మేము ఎక్కువ విలువ ఇస్తాము. మోషే ఒక్కడే జనులందరికి న్యాయం తీర్చలేడని గ్రహించి, పదిమందికి కూడ ఒక అధిపతి ఉండాలని మామ యిత్రో సలహా ఇచ్చాడు గదా (నిర్గమకాండము 18).

అయితే కాగితం మీది సంఖ్యను నమ్మి ఊరుకోరాదు. తమిళనాడులో అన్నా విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల్లో ఒకే అధ్యాపకుని పేరు ఒకేసారి పలు కాలేజీల జాబితాల్లో ఉన్నట్లు 2024లో బయటపడింది. పేరు పలుచోట్ల, మనిషి ఎక్కడో!

కనుక ఆప్షన్లు పెట్టకముందే ఒక పనిదినాన బిడ్డను వెంటబెట్టుకొని కాలేజీకి వెళ్లండి. ఒక పూట కూలి పోయినా పోనివ్వండి. కాలేజీ వెబ్‌సైటులోని అధ్యాపకుల జాబితా ముందే రాసుకొని, రెండో మూడో సంవత్సరం పిల్లలను అడగండి. ఈ సారు మీకు పాఠం చెప్పారా? ఎన్నాళ్లుగా ఉన్నారు? ల్యాబులో ఒక్కో బల్ల దగ్గర ఎందరు నిలబడతారు? ఆఫీసులో చెప్పే జవాబుకంటె క్యాంటీను దగ్గర పిల్లలు చెప్పేదే మాకు నమ్మదగినదిగా తోస్తుంది. నాలుగు పేర్లడిగితే మూడింటిని వారు ఎరుగమంటే, ఆ కాలేజీని ఆప్షన్లలో కిందికి జరపండి.