పాత పేరు, కొత్త పెట్టె: ఇంటి ప్రింటరు వైఫైని ఎలా గుర్తుపడుతుంది?

ఆస్ట్రేలియాలో ఇంటర్నెట్ కంపెనీని మార్చడం పెద్ద పని కాదు. 2009లో ప్రభుత్వం స్థాపించిన ఎన్‌బీఎన్ సంస్థ ఇళ్ళ దాకా వచ్చే తీగల వ్యవస్థను నిర్వహిస్తూ సేవను టోకుగా అమ్ముతుంది. దాన్ని కొని గృహస్థులకు చిల్లరగా అమ్మేవి వేరే కంపెనీలు. కొన్ని నెలల తగ్గింపు ధర కోసం ఒక కంపెనీలో చేరడం, ఆ గడువు తీరగానే మరొకదానికి మారడం అక్కడ మామూలే. మారినప్పుడు చాలాసార్లు ఒక కొత్త రౌటర్ కూడా ఇంటికి వస్తుంది. దాని అడుగున అంటించిన చీటీ మీద కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ ఉంటాయి. ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీ పది నిమిషాల్లో కొత్త నెట్‌వర్కులో చేరిపోతాయి. గదిమూలన ఉన్న ప్రింటరు మాత్రం చేరదు.

ప్రింటరు అవసరం రోజూ ఉండేది కాదు. అందుకే అది చేరలేదన్న సంగతి కాగితం అత్యవసరమైన రోజునే బయటపడుతుంది: తెలుగు బడికి వెళ్ళే పిల్లలకు అక్షరాలు దిద్దించే కాగితం కావలసినప్పుడో, సందర్శక వీసా మీద వచ్చే తల్లిదండ్రుల చేతికి ప్రయాణపు పత్రాలు ఇచ్చి పంపవలసినప్పుడో. తెర మీద కనిపించేది ‘ఆఫ్‌లైన్’ అన్న ఒక్క మాట. ఆ మాట వెనక కనీసం మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ప్రింటరుకు రౌటర్ మాట వినబడకపోవచ్చు. వినబడినా తాళంచెవి సరిపోకపోవచ్చు. తాళం తెరుచుకున్నా కంప్యూటరు పాత చిరునామాలోనే ప్రింటరును వెతుకుతూ ఉండవచ్చు. ఈ మూడింటినీ విడదీసి చూడకపోవడం వల్లనే చక్కగా పనిచేసే యంత్రం చెత్తకుప్పకు చేరుతూ ఉంటుంది.

వినికిడి

ఇంటి వైఫై ప్రధానంగా రెండు పౌనఃపున్యాల మీద నడుస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండవదానిది సుమారు 6 సెంటీమీటర్లు. 2.4 నెమ్మది, కాని గోడలు దాటి దూరం పోతుంది. 5 వేగం, కాని గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. పేజీ అచ్చు వెయ్యడానికి పెద్ద వేగం అక్కరలేదు కనుక చవక ప్రింటర్లలో చాలాకాలం 2.4 రేడియోనే అమర్చారు. అటువంటి ప్రింటరుకు 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్కు ఉన్నట్టే తెలియదు.

కొత్త రౌటర్లు రెండు పట్టీలకూ ఒకే పేరు పెడతాయి. ఇది మామూలుగా ఇబ్బంది కాదు. అయితే ప్రింటరును నెట్‌వర్కులో చేర్చే ఫోన్ యాప్‌లు కొన్ని, ఫోన్ 5 మీద ఉండి ప్రింటరు 2.4 మీద ఉంటే తడబడతాయి. రౌటర్ సెట్టింగుల్లో 5ను కాసేపు ఆపి, ప్రింటరు చేరాక తిరిగి తెరిస్తే సరిపోతుంది.

వలస వచ్చినవారికి మాత్రమే ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. 2.4 పట్టీని చానళ్ళుగా విభజిస్తారు. ఆస్ట్రేలియాలో 1 నుంచి 13 వరకు వాడవచ్చు. అమెరికాలో అమ్మే పరికరాలు సాధారణంగా 1 నుంచి 11 వరకే వింటాయి. అమెరికాలో కొన్నాళ్ళుండి సిడ్నీకో మెల్‌బోర్న్‌కో మారిన కుటుంబం తన సామానుతో పాటు తెచ్చుకున్న పరికరం, రౌటర్ 12వ చానల్‌కో 13వ చానల్‌కో మారిన రోజున చెవిటిదైపోతుంది. చానల్‌ను 1, 6, 11లలో ఒకదానికి కట్టేస్తే ఆ చిక్కు తీరుతుంది. ఒకదానితో ఒకటి కలవకుండా ఉండే మూడు చానళ్ళుగా ఎక్కువగా వాడేవి కూడా అవే.

ఈ వినికిడి కథలో సిడ్నీకి ప్రత్యేకమైన స్థానం ఉంది. గుమ్మటం కింద నిలబడి ఒక చప్పట్టు కొడితే స్పష్టంగా వినిపిస్తుంది. గోల్కొండ ముఖద్వారం దగ్గర కొట్టిన చప్పట్టు కొండ మీది బాలాహిస్సార్ దాకా చేరుతుందన్నది ప్రసిద్ధమే. కాని అదే గుమ్మటం కింద ఎవరైనా గబగబా పద్యం చదివితే ఒక అక్షరం ప్రతిధ్వని తరవాతి అక్షరం మీద పడి ఏదీ అర్థం కాదు. గదిలో రేడియో తరంగాలకూ ఇదే కష్టం. రౌటర్ పంపిన సంకేతం ప్రింటరును తిన్నగా ఒకసారి చేరుతుంది. ఇటుకగోడకూ, ఫ్రిజ్ తలుపుకూ తగిలి కాస్త ఆలస్యంగా మళ్ళీ మళ్ళీ చేరుతుంది. సెకనుకు 5.4 కోట్ల బిట్లను వరసగా పంపితే ఒక్కో బిట్‌కు దక్కే వ్యవధిలో తరంగం నడిచేది అయిదున్నర మీటర్లే. పది మీటర్లు చుట్టి వచ్చిన ప్రతిధ్వని అప్పటికి వస్తున్న మరో బిట్ మీద పడుతుంది.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.కు చెందిన జాన్ ఓసలివన్, టెరీ పెర్సివల్, డిట్ ఆస్ట్రీ, గ్రాహమ్ డేనియల్స్, జాన్ డీన్ ఈ కష్టానికి ఒక విరుగుడు సిద్ధం చేసి 1992 నవంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఒక్క గొంతు వేగంగా మాట్లాడే బదులు, వేర్వేరు శ్రుతుల్లో అనేక గొంతులు ఒకేసారి నెమ్మదిగా మాట్లాడితే? 1999లో వచ్చిన 802.11ఎ ప్రమాణంలో అటువంటి గొంతులు 48. ఒక్కో ఉచ్చారణకు 4 మైక్రోసెకన్లు; అందులో 0.8 మైక్రోసెకను ప్రతిధ్వనులు సద్దుమణగడానికే వదిలేస్తారు. ఆ వ్యవధిలో తరంగం 240 మీటర్లు నడుస్తుంది. ఇంట్లో ఏ ప్రతిధ్వనీ అంత చుట్టు తిరగదు.

గొంతులను కలపడానికీ విడదీయడానికీ వాడేది ఫూరియే పరివర్తన అనే గణితం. ఓసలివన్‌కు అది రేడియో ఖగోళశాస్త్రం నుంచి అబ్బింది. చిన్న కృష్ణబిలాలు చివరకు పేలిపోతాయని 1974లో స్టీఫెన్ హాకింగ్ ప్రతిపాదించాడు. ఆ పేలుళ్ళ నుంచి రావచ్చనుకున్న రేడియో స్పందనల కోసం ఓసలివన్ తన సహచరులతో కలిసి నెదర్లాండ్స్‌లోని డ్వింగెలో టెలిస్కోపుతో వెతికి, ఫలితాలను 1978లో ప్రచురించాడు. పేలుడు ఒక్కటీ దొరకలేదు. చెదిరిన సంకేతాన్ని తిరిగి కూర్చే విద్య మాత్రం చేతికి వచ్చింది.

‘వైఫైని కనిపెట్టింది ఆస్ట్రేలియా’ అన్న మాట ఆ దేశంలో తరచు వినిపిస్తుంది. అది అంత సూటిగా నిజం కాదు. వైఫై ఒక్కచోట పుట్టినది కాదు, బహువాహక ప్రసారమన్న ఊహ 1960ల నాటికే ఉంది, తొలి 802.11 ప్రమాణాలు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. పద్ధతిని వాడలేదు. అయితే 802.11ఎ, 2003 నాటి 802.11జి, ఆ తరవాతి ప్రమాణాలు నిలబడినది ప్రతిధ్వనిని జయించే ఇటువంటి పద్ధతి మీదనే. అమెరికా న్యాయస్థానాల్లో నడిచిన వ్యాజ్యాలు 2009లోనూ 2012లోనూ రాజీలతో ముగిసి, సంస్థకు 43 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా వచ్చాయి.

తాళంచెవి

రేడియో వినబడ్డాక రెండో మెట్టు పరిచయం. ప్రింటరు తన జ్ఞాపకంలో దాచుకునేది నెట్‌వర్కు పేరు, పాస్‌వర్డ్. ఇళ్ళలో విరివిగా వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో ఈ రెండింటినీ కలిపి, 4,096 సార్లు గణితపు రోట్లో దంచి, 256 బిట్ల తాళంచెవిని తయారుచేస్తారు. పాస్‌వర్డ్‌లోనే కాదు, పేరులో ఒక్క అక్షరం మారినా, పెద్దబడి అక్షరం చిన్నబడి అయినా, తాళంచెవి పూర్తిగా మారిపోతుంది. చేరే సమయంలో రౌటరూ ప్రింటరూ నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుని, తాళంచెవిని బయటపెట్టకుండానే అది తమ దగ్గర ఉన్నదని ఒకదానికొకటి రుజువు చేసుకుంటాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ తాళంచెవి తయారీలో రౌటర్ ఏ కంపెనీది, ఏ పెట్టె అన్న ప్రసక్తి లేదు. అంటే కొత్త రౌటర్‌కు పాత పేరూ పాత పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా పెడితే, ప్రింటరు తేడా గుర్తించలేదు. తనంతట తానే చేరిపోతుంది. ఫోన్లూ, దీపాలూ, కెమెరాలూ కూడా అంతే. అన్నిటికన్నా సులువైన ఉపాయం ఇదే. చిన్న తెర మీద ఒక్కో అక్షరాన్ని బాణం గుర్తులతో వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇందుకు రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, భద్రతా పద్ధతి కలవాలి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 పాత ప్రింటర్లకు తెలియదు. కొత్త రౌటర్ దాన్ని మాత్రమే అనుమతించేలా ఉంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన పద్ధతికి మార్చాలి. రెండు, పాత పాస్‌వర్డ్ నిలుపుకోదగినదై ఉండాలి. అది పాత అద్దె ఇంటి సహవాసులందరికీ తెలిసినదైతే, సౌకర్యం కోసం దాన్ని కొనసాగించడం తగదు.

ఇంటి వైఫైకి తెలుగులో పేరు పెట్టుకునే సరదా ఉన్నవారికి ఒక మాట. పేరుకు ప్రమాణం ఇచ్చే చోటు 32 బైట్లు. యూనికోడ్‌ను సాధారణంగా నిక్షేపించే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ తలా మూడు బైట్లు పడతాయి. ‘మా ఇల్లు’ అన్న చిన్న పేరుకే 22 బైట్లు చెల్లు. ఫోన్లు ఆ పేరును ముచ్చటగా చూపిస్తాయి. ప్రింటరు చిన్న తెర మీద మాత్రం అది పిచ్చిగీతలుగా కనిపించవచ్చు.

పాస్‌వర్డ్ టైపు చెయ్యకుండా చేర్చే మరో మార్గం డబ్ల్యూపీఎస్. రౌటర్ మీది మీటనూ ప్రింటరు మీటనూ రెండు నిమిషాల లోపు నొక్కితే అవి తాళంచెవిని తామే పంచుకుంటాయి. ఇందులోనే ఉన్న ఎనిమిది అంకెల పిన్ పద్ధతి మాత్రం లోపభూయిష్ఠమని 2011లో తేలింది. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టేది. పైగా పిన్‌ను రెండు ముక్కలుగా పరీక్షిస్తారు. కోటి ప్రయత్నాలు కావలసిన చోట 11,000 చాలు. మీట నొక్కే పద్ధతికి ఈ దోషం లేదు, పిన్ పద్ధతిని మాత్రం ఆపివేయడం మంచిది. డబ్ల్యూపీఏ3లో డబ్ల్యూపీఎస్‌కు చోటే లేదు. కొత్త రౌటర్ల మీద ఆ మీట కనిపించకపోవడానికి అదొక కారణం.

చిరునామా

ప్రింటరు వైఫై దీపం నిలకడగా వెలుగుతోంది. ఫోన్ నుంచి కాగితం వస్తోంది. లాప్‌టాప్ మాత్రం ఇంకా ‘ఆఫ్‌లైన్’ అంటోంది. దీనికి వైఫైతో సంబంధం లేదు. నెట్‌వర్కులో చేరిన ప్రతి పరికరానికీ రౌటర్ ఒక అంకెల చిరునామా ఇస్తుంది. పాత రౌటర్ 192.168.0తో మొదలయ్యే చిరునామాలు ఇచ్చి ఉంటే కొత్తది 192.168.1తో మొదలయ్యేవి ఇవ్వవచ్చు. లాప్‌టాప్ పాత చిరునామా రాసి పెట్టుకుని ఉంటే, ఖాళీ చేసిన ఇంటి తలుపు తట్టే తపాలా బంట్రోతులా అది అక్కడే తిరుగుతుంది. లాప్‌టాప్‌లో ప్రింటరును తొలగించి మళ్ళీ చేర్చడమే మందు. ఎప్పుడో ప్రింటరులోనే స్థిరమైన చిరునామా రాసి ఉంటే దాన్ని కూడా తీసేసి, చిరునామా కేటాయింపును రౌటర్‌కు వదిలెయ్యాలి.

అంకెలకు బదులు పేరుతో వెతికే పద్ధతి కూడా ఉంది. ఆపిల్ సంస్థ 2002లో ప్రవేశపెట్టి తరవాత బాంజూర్ అని పిలిచిన ఏర్పాటు అదే. ‘ఈ ఇంట్లో ప్రింటర్లు ఎవరైనా ఉన్నారా?’ అని కంప్యూటరు 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు కేక వేస్తుంది. ప్రింటరు బదులు పలుకుతుంది. ఆ కేక ఇంటి గడప దాటదు. అతిథుల కోసం పెట్టిన వేరే నెట్‌వర్కులో ప్రింటరు ఉంటే దానికి వినబడదు, ఎందుకంటే అతిథి నెట్‌వర్కు ఉద్దేశమే ఒకరినొకరు చూడకుండా ఉంచడం. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి మరో అడ్డు ఆఫీసు వీపీఎన్. అది లాప్‌టాప్ మాటలన్నిటినీ ఆఫీసుకే మళ్ళించేలా ఉంటే, పక్కగదిలోని ప్రింటరు వేరే ఊళ్ళో ఉన్నట్టే. వీపీఎన్‌ను ఆపి చూస్తే ఈ సంగతి క్షణంలో తేలుతుంది.

వెతకవలసిన వరస

కనుక తనిఖీ కింది మెట్టు నుంచి పైకి సాగాలి. ముందు ప్రింటరు తెరలోని నెట్‌వర్కుల జాబితాలో కొత్త పేరు కనిపిస్తోందా అని చూడాలి. కనిపించకపోతే పట్టీ, చానల్, దూరం. కనిపించీ చేరకపోతే పాస్‌వర్డ్, భద్రతా పద్ధతి. చేరిందని ప్రింటరే చెబుతున్నా కాగితం రాకపోతే చిరునామా, అతిథి నెట్‌వర్కు, వీపీఎన్. తెర లేని ప్రింటర్లలో చాలావాటికి తమ నెట్‌వర్కు స్థితిని కాగితం మీద అచ్చువేసే మీట ఉంటుంది; ఆ ఒక్క పేజీ గంట శ్రమను తప్పిస్తుంది. ఏదీ కుదరకపోతే, సాకెట్ ఉన్న ప్రింటర్లను యూఎస్‌బీ తీగతో కలిపి ఆ పూటకు పని గడుపుకోవచ్చు.

ఇన్ని చేసినా పనికిరానిదని తేలిన ప్రింటరుకు ఆస్ట్రేలియాలో దారి ఉంది. 2011లో మొదలైన జాతీయ టెలివిజన్, కంప్యూటర్ పునర్వినియోగ పథకం ప్రింటర్లను కూడా ఉచితంగా స్వీకరిస్తుంది. విక్టోరియా రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ వ్యర్థాలను చెత్తలో పారవేయడం నిషిద్ధం. అయితే వీధి అంచున పెట్టే ముందో, మరొకరికి ఇచ్చే ముందో చెయ్యవలసిన పని ఒకటుంది. కొత్త రౌటర్‌ను పాతదనుకుని చేరిపోయేంత నమ్మకంగా ఇంటి పేరునూ పాస్‌వర్డునూ గుర్తుపెట్టుకున్న యంత్రం అది. వాటిని చెరిపి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి తేకుండా బయటికి పంపితే, ఇంటి తాళంచెవి కూడా దానితో పాటే గడప దాటుతుంది.