ఆకలి వేస్తుంది, జ్వరం వస్తుంది: ఎందుకలా?

పెంటపాడులో బడి విడిచేసరికి పిల్లలకు ఆకలేస్తుంది, దాహమూ వేస్తుంది. జ్వరం మాత్రం వస్తుంది! ఏ మాట పక్కన ఏ క్రియ నిలవాలో చాలావరకు వాడుకే తేలుస్తుంది.

ఇంగ్లీషూ అంతే. మనం తప్పూ చేస్తాం, హోంవర్కూ చేస్తాం. ఇంగ్లీషులో తప్పుకు ‘మేక్’, హోంవర్కుకు ‘డూ’. కొల్లేటి చేప ఎండకు పాడైతే ‘గోస్ బ్యాడ్’. చూపు పోయినా, బట్టతల వచ్చినా ‘గో’నే, చెడు వైపు మార్పులకు ఆ క్రియ బాగా అతుకుతుంది. కల నిజమైతే ‘కమ్ ట్రూ’. అలసినా, కోపమొచ్చినా ‘గెట్’.

ఈ పొత్తులకు ‘కొలొకేషన్’ అనే పేరును 1950ల్లో భాషాశాస్త్రంలో నిలబెట్టింది లండన్ ఆచార్యుడు జె.ఆర్.ఫర్త్.

అందుకే నోటుబుక్కులో ‘మిస్టేక్’ అని ఒంటిగా రాసుకోకండి. ‘మేక్ ఎ మిస్టేక్’ అని జంటగా రాసుకోండి.