ఆగిపోయిన అడుగుకు అడ్డగీతల ఆసరా

ఎంకపల్లి: వయసు మళ్లినవారు ముందుకు వంగి, కాళ్లీడ్చుతూ చిన్న చిన్న అడుగులు వేస్తుంటే "ముసలితనం, ఏం చేస్తాం" అని ఊరుకోవడం ఎంకపల్లి వంటి పల్లెల్లో పరిపాటి. అయితే అది అన్నివేళలా ముసలితనమే కాదు. పార్కిన్సన్ వ్యాధి కావచ్చును. దీన్ని గుర్తిస్తే నడక చాలావరకు కుదుటపడుతుంది.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వివరించారు. ఆయన పేరే దానికి స్థిరపడింది. మన ఆయుర్వేదం దీన్ని కంపవాతం అంటుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడం దీనికి మూలం. ఇది అంటువ్యాధి కాదు. ఊరికే కూర్చున్నప్పుడు ఒక చెయ్యి వణకడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, పనులు నెమ్మదించడం, రాత చిన్నదైపోవడం మొదటి గుర్తులు. వణుకు అందరికీ ఉండదు.

గడప దగ్గరే గండం

జబ్బు ముదిరితే కొందరికి గడప దాటేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. శరీరం ముందుకు, కాళ్లు వెనక్కు. పడితే తుంటి ఎముక విరిగి మంచాన పడే ప్రమాదం ఉంది.

విచిత్రమేమంటే కాళ్లలో బలం పోదు. తనంతట తాను సాగే నడకకు మెదడు ఇచ్చే ఆజ్ఞే తడబడుతుంది. నేలపై అడ్డంగా గీతలు గీస్తే, కదలలేనివారు కూడా వాటిని దాటుతూ నడవగలరని బ్రిటిష్ వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లో వివరించారు. తాళానికి తగ్గట్టు మూడు వారాలు నడక సాధన చేసిన రోగుల వేగం సుమారు 25 శాతం పెరిగిందని 1996లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. సరిగా నడవలేని రోగి ఒకరు సైకిలు మాత్రం చక్కగా తొక్కిన ఉదంతాన్ని 2010లో నెదర్లాండ్స్ వైద్యులు వెల్లడించారు.

దురదగొండిలో మందు

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపా. చేల గట్ల మీద పాకే దురదగొండి గింజల్లో ఈ పదార్థం ఉన్నట్టు మద్రాసు శాస్త్రజ్ఞులు దామోదరన్, రామస్వామి 1937లోనే కనుగొన్నారు. 1960వ దశకంలో అది ఈ జబ్బుకు మందయింది. అలాగని గింజలను సొంతంగా తినరాదు. మోతాదు తప్పితే ముప్పు. వైద్యుడిచ్చిన మాత్రలను హఠాత్తుగా మానడమూ ప్రమాదమే. జబ్బు పూర్తిగా పోదు గాని, మందుతో పాటు రోజూ వ్యాయామం చేస్తే అదుపులో ఉంటుంది.

ఇంటివారు చేయదగినవి

కాళ్లు ఆగిపోయినవారిని చెయ్యి పట్టి గుంజరాదు, వెనుక నుంచి నెట్టరాదు. నిలబడనిచ్చి, బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చమని, "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ అడుగు వేయమని చెప్పాలి. గడప దగ్గర, స్నానాల గదికి వెళ్లే దారిలో అడుగుకొక అడ్డగీత సున్నంతో గీయవచ్చు. గిరుక్కున తిరగకుండా వెడల్పుగా చుట్టి తిరగాలి. చీకట్లో దీపం ఉండాలి.

అనుమానం ఉంటే ముందు దగ్గరలోని ప్రభుత్వ వైద్యునికి చూపించాలి. ఆయన సలహాపై హైదరాబాదులోని నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల నరాల విభాగాలకు వెళ్లవచ్చు. పడి ఎముక విరిగాక తీసుకువెళ్లడం కంటే, అడుగు తడబడిన నాడే తీసుకువెళ్లడం మేలు.